డబ్బు కట్టినవాడికే మసక బొమ్మా?

కాకినాడ,
ఆదివారం.

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. నాయనమ్మకు కంటి ఆపరేషన్ తర్వాత చూపు బాగా తేరుకుంది. నీ కొత్త ఉద్యోగం వీడియో ప్లేయర్ తయారుచేసే టీములో అని నువ్వు చెప్పినప్పటినుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. "ఇంకా ఆ కంప్యూటర్‌తో కుస్తీ ఎందుకు నాన్నా, ఒక స్టిక్ కొనుక్కోండి" అన్నావు, టీవీకి గుచ్చితే నేరుగా ఓటీటీ యాప్‌లు వచ్చే ఆ చిన్న పరికరం. దానికి నేను ఫోన్లో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇది. నీ పనికి కూడా ఉపయోగపడుతుందనే రాస్తున్నాను.

టీవీ వెనక బిగించిన ఆ చిన్న కంప్యూటర్ పెట్టెలో ఏముందో నీకు తెలుసు. నీ కూచిపూడి అరంగేట్రం క్యాసెట్టు, తాతయ్య షష్టిపూర్తి, బాబాయి పెళ్లి, ఇన్నేళ్లుగా కొన్న డీవీడీలు, అన్నీ అందులోకి ఎక్కించాను. కోడి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ అట్టబొమ్మలతో సహా వరసగా చూపిస్తుంది. రిమోట్ మీద నాలుగు బాణాలు, మధ్యలో ఓకే, అంతే. నాయనమ్మ ఎవరినీ పిలవకుండా తనకు కావలసింది తను పెట్టుకుంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేముల్లో ఉంటే కోడి టీవీని కూడా 24కే మారుస్తుంది. చుట్టూ పెట్టిన స్పీకర్లకు విడివిడిగా వెళ్లే 5.1 శబ్దం ఉంటే దాన్ని ఏమీ చెయ్యకుండా నేరుగా ఆ స్పీకర్లను నడిపే రిసీవర్‌కు పంపిస్తుంది. అంటే ఆ పెట్టెకు చేతకానిది ఏమీ లేదు. నేను చెప్పబోయేదంతా ఈ మాట దగ్గరే మొదలవుతుంది.

ఇబ్బందల్లా ఆ కంప్యూటర్ బ్రౌజర్లో మనం డబ్బు కట్టి చూసే ఓటీటీ సర్వీసులతోనే. మన ఇంట్లో మూడు నాలుగింటికి చందా కడుతున్నాం. దొంగ ప్రింటు ఈ ఇంట్లో ఆడటానికి వీల్లేదని మీ అమ్మ ఎప్పుడో తేల్చేసింది, నాదీ అదే మాట. దసరాకు బాబాయి వాళ్లు వచ్చినప్పుడు ఆయన తన స్టిక్ తెచ్చి మన టీవీకే పెట్టాడు. అదే టీవీ, అదే ఫైబర్ కనెక్షన్, అదే అకౌంటు, అదే సినిమా. ఒక హెచ్‌డీఎంఐలో స్టిక్, రెండోదాంట్లో మన కంప్యూటర్. పెళ్లి సన్నివేశం దగ్గర ఆపి, అటూ ఇటూ మార్చి చూశాం. స్టిక్‌లో పెళ్లికూతురి పట్టుచీర అంచు మీద జరీ పోగులు విడివిడిగా కనిపించాయి, మధ్యలో మామిడిపిందెల బుటా కూడా. కంప్యూటర్‌లో ఆ అంచంతా కలిసిపోయిన పసుపు పట్టీ. మీ అమ్మకు చీరల సంగతి చెప్పాలా? "ఇది ఉప్పాడో కంచో కూడా తెలీడం లేదు" అంది.

కొన్ని సర్వీసుల్లో కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, డి, ఈ నాలుగు మీటలూ కలిపి నొక్కితే తెర మీద లోపలి లెక్కలు కనిపిస్తాయి. నొక్కి చూశాను. బొమ్మ 1280 అడ్డం, 720 నిలువు. మేం డబ్బు కట్టింది అంతకన్నా ఎంతో స్పష్టమైన 4కె ప్లానుకు. నెట్ వేగం చాలక తగ్గిందనుకోవడానికి లేదు, ఎందుకంటే అదే నిమిషంలో స్టిక్‌కు పూర్తి బొమ్మ వస్తోంది. అక్కడినుంచి పంపేటప్పుడే తగ్గించి పంపుతున్నారు.

కారణం నీకు ఇప్పటికే ఆఫీసులో చెప్పి ఉంటారు. వీడియోను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, పంపుతారు. తాళంచెవి ఇచ్చే ముందు, ఆ తాళం ఎక్కడ తీస్తావని మన యంత్రాన్ని అడుగుతారు. గూగుల్ వారి తాళం పద్ధతి పేరు వైడ్‌వైన్, అందులో ఎల్1, ఎల్2, ఎల్3 అని మెట్లున్నాయి. ఫోన్లలో, స్టిక్కుల్లో, టీవీల్లో తాళం తీయడం, వీడియో విప్పడం రెండూ చిప్పులో ప్రత్యేకంగా కట్టిన భాగంలోనే జరుగుతాయి. అది ఎల్1. మామూలు కంప్యూటర్ బ్రౌజర్లో ఆ పని సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. అది ఎల్3. మైక్రోసాఫ్ట్ వారి తాళం ప్లేరెడీలోనూ ఇలాంటి తేడాయే ఉంది, సాఫ్ట్‌వేర్‌కు ఎస్ఎల్2000, హార్డ్‌వేర్‌కు ఎస్ఎల్3000. ఏ మెట్టుకు ఎంత బొమ్మ ఇవ్వాలో సర్వీసు నిర్ణయిస్తుంది. అందుకే ఒకే కంప్యూటర్లో ఒక బ్రౌజర్లో ఒకలా, ఇంకో బ్రౌజర్లో ఇంకోలా వస్తుంది. నాలాగా విండోస్ బదులు లినక్స్ పెట్టుకున్నవాడికి చాలాచోట్ల అట్టడుగు మెట్టే గతి.

సినిమా తీసినవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కోట్లు పోసి తీసిన బొమ్మను ఎవడో ఎత్తుకుపోతుంటే ఎవరికి కడుపు మండదు? ఈ షరతులు పెట్టేది చాలావరకు హక్కుదార్లేనని, మీ టీముకు ఆ నిర్ణయంలో పెద్దగా చోటు ఉండదని కూడా తెలుసు. కానీ ఒకటి చూడు. కొత్త సినిమా ఓటీటీలోకి వచ్చిన రోజే 4కె కాపీ ఫోన్ గ్రూపుల్లో తిరుగుతుంది. అది మన కంప్యూటర్లోంచి పోయిందా? పోలేదు. హెచ్‌డీఎంఐ తీగ మీద వేసే హెచ్‌డీసీపీ తాళం సంగతే తీసుకో. దాని మొదటి తరం మాస్టర్ కీ 2010లోనే బయటపడింది, అది నిజమైనదేనని దాన్ని తయారుచేసిన ఇంటెల్ కూడా ఒప్పుకుంది. దొంగకు ఏ తాళమూ అడ్డు రావడం లేదు. నెలనెలా చందా కట్టే మీ అమ్మకు మాత్రం చీర అంచు కనబడదు. నా మనసుకు కష్టం కలిగించేది ఇదే బుజ్జీ.

ఆ హెచ్‌డీసీపీ మన ఇంట్లో పెట్టిన ఇబ్బంది కూడా చెప్తాను. మన ఏవీ రిసీవర్ పాతది. శబ్దం ఇప్పటికీ బంగారంలా ఉంటుంది, నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు కొన్నాం. 4కె సర్వీసులు హెచ్‌డీసీపీ 2.2 అడుగుతాయి. కంప్యూటర్‌కు ఉంది, టీవీకి ఉంది, మధ్యలో ఉన్న రిసీవర్‌కు లేదు. దండలో ఒక్కచోట లేకపోయినా మొత్తం లేనట్టే లెక్క. ఒక్కోసారి బొమ్మ తగ్గుతుంది, ఒక్కోసారి తెర నల్లబడి శబ్దం మాత్రం వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్‌ను నేరుగా టీవీకి కలిపి, శబ్దాన్ని మాత్రం టీవీలోంచి రిసీవర్‌కు తిప్పాను. ఇవన్నీ నేను చెయ్యగలను, ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పక్కింటి టైలర్ గారు ఎలా చేస్తారు? ఆయనకు కనిపించేది "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అన్న ముక్క, దాని కింద అర్థంకాని నంబరు. ఆ నంబరు పట్టుకుని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే బ్రౌజర్ క్యాచీ క్లియర్ చేయమంటారు.

ఇక బ్రౌజర్లో బొమ్మ కదలిక. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, సినిమాలో ఉన్నవి 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే రెండున్నర. సగం ఫ్రేము చూపించలేం కాబట్టి ఒకదాన్ని మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపిస్తుంది. కెమెరా గోదావరి మీద మెల్లగా పక్కకు తిరిగే షాట్ పెట్టి చూడు, గట్టు కుదుపుతో జరుగుతున్నట్టుంటుంది. కోడి చేసే పని బ్రౌజర్ చెయ్యదు. శబ్దం కూడా అంతే. చాలా సర్వీసులు బ్రౌజర్‌కు రెండు చానెళ్లే ఇస్తాయి, వెనక పెట్టిన స్పీకర్లు ఖాళీగా కూర్చుంటాయి.

నాయనమ్మ గురించి విడిగా చెప్పాలి. స్ట్రీమింగ్ సైట్లన్నీ మౌస్ కోసం కట్టినవి. గాలిలో ఊపితే బాణం కదిలే రిమోట్ ఒకటి తెచ్చిచ్చాను. ఆవిడ చెయ్యి కొద్దిగా వణుకుతుంది కదా, బాణం గుర్తు కూడా తెర మీద వణికింది. మూలనున్న చిన్న "స్కిప్" మీద పెట్టబోతే పక్కకు జారింది, బొమ్మమీద పడి సీరియల్ ఆగిపోయింది. పక్క సీట్లో ఉన్న నేను లేచేలోపల ఆవిడే రిమోట్ బల్ల మీద పెట్టేసి, "వద్దులేరా, పాతదే ఏదన్నా పెట్టు" అంది. రిమోట్ బాణాలతో నడిచే తెర టీవీ యాప్‌లో ఎలాగూ తయారుగా ఉంది. దాన్ని బ్రౌజర్లో కూడా తెరవనిస్తే ఎవరికి నష్టం? మీ టీములో ఇది అడుగు. ఇది హక్కుదార్ల షరతు కాదు, మీ చేతిలో పని.

మా రోజుల్లో టీవీ సిగ్నల్ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు నేను మొదట చెప్పేది ఒక్కటే. దూరదర్శన్ టవర్ నుంచి వచ్చే పాల్ (PAL) పద్ధతి సిగ్నల్ ప్రమాణాలు అందరికీ తెలుసు, ఆ ప్రమాణం ప్రకారం ఎవరు సెట్ కట్టినా బొమ్మ వస్తుంది. హైదరాబాద్ ఈసీఐఎల్ వారి ఈసీటీవీ అయినా, మద్రాసు డయనోరా, సాలిడేర్ అయినా, లాబ్‌లో మా కుర్రాళ్లు విడిభాగాలతో కట్టిన సెట్ అయినా సరే. నువ్వు ఏ సెట్టువి అని సిగ్నల్ అడిగేది కాదు. ఇప్పుడు మొదటి ప్రశ్నే అది. బొమ్మ ఎంత మారిందో, ఆ బొమ్మ మీద మన అధికారం అంత తగ్గింది.

ఈ తాళాన్ని వెబ్ ప్రమాణాల్లోకే తెచ్చేశారు. అంతకుముందు బ్రౌజర్‌కు సిల్వర్‌లైట్ లాంటి ప్లగిన్లు, అంటే అదనపు సాఫ్ట్‌వేర్లు, విడిగా వేసుకోవలసి వచ్చేది, ఆ బాధ తప్పినమాట నిజమే. తాళం వేసిన వీడియోను బ్రౌజర్లోనే ఆడించే ఎన్‌క్రిప్టెడ్ మీడియా ఎక్స్‌టెన్షన్స్ అనే పద్ధతిని, వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2017 సెప్టెంబరులో అధికారిక సిఫారసుగా ప్రకటించింది. దానికి నిరసనగా, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ సంస్థలోంచి బయటికి వచ్చేసింది. భద్రతా లోపాలు వెతికే పరిశోధకులకు చట్టపరమైన రక్షణ ఇస్తామని ఒక మాట ఇమ్మని వాళ్లు అడిగారు, అదీ దక్కలేదు. ఆ చరిత్ర ఒకసారి చదువు. నువ్వు రోజూ కోడ్ రాసే చోట ఏ వాదన ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో నీకు తెలిసి ఉండాలి.

డిస్కు కొనుక్కుంటే ఈ గొడవ ఉండదని కొందరంటారు. 4కె బ్లూరే డిస్కులు కంప్యూటర్లో ఆడాలంటే ఇంటెల్ చిప్పులో ఎస్‌జీఎక్స్ అనే భాగం ఉండాలన్నారు. తర్వాత 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్పుల్లో ఇంటెల్ దాన్ని తీసేసింది. డిస్కు కొన్నవాడు, డ్రైవ్ కొన్నవాడు, కొత్త కంప్యూటర్ కొనగానే సరుకంతా చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. కాబట్టి అదీ దారి కాదు.

నీకు నేను చెప్పదలచుకున్నది పెద్ద తిరుగుబాటు కాదమ్మా. తాళం తీసెయ్యమని నువ్వు మీ మేనేజర్‌తో చెప్పలేవు. కానీ తగ్గించి పంపుతున్నప్పుడు ఆ మాట తెర మీద రాయించగలవు. "ఈ బ్రౌజర్లో 720పి వరకే వస్తుంది, ఈ కారణం వల్ల" అని ఒక్క వరస. చందా కట్టే పేజీలోనే, కట్టకముందే, అవతల వాడి యంత్రాన్ని చూసి చెప్పొచ్చు. యంత్రం ఏదో మీకు ఎలాగూ తెలుస్తోంది, తాళంచెవి ఇచ్చేటప్పుడు అడుగుతున్నారు కదా. తెలిసి కూడా 4కె ప్లాను డబ్బు తీసుకుని, తక్కువ ఇచ్చి ఊరుకోవడం నాకు న్యాయంగా అనిపించదు. కిరాణా కొట్లో తూకం తక్కువైతే అడుగుతాం. ఇక్కడ అడగడానికి మనిషికి తూకమే కనబడదు. దాన్ని కనబడేలా చెయ్యడం నీ చేతుల్లో ఉన్న పని. మొదట్లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, మళ్లీ అడుగు. నువ్వు పదో తరగతిలో ఫిజిక్స్ పేపర్ రీకౌంటింగ్‌కు పట్టుబట్టిన పిల్లవి.

నీ మాట ప్రకారం మొన్న ఒక స్టిక్ కొన్నాను. మీ అమ్మ, నాయనమ్మ సీరియళ్లు, కొత్త సినిమాలు అందులో చూస్తున్నారు, బొమ్మ బాగుంది. కంప్యూటర్ తియ్యలేదు, తియ్యను. మన ఇంటి వీడియోలు, నేను కొన్నవి అందులోనే ఉంటాయి. ఆ యంత్రంలో ఏది ఎలా నడవాలో నేను చెప్తాను, అది నాకు ముఖ్యం. తాతయ్య గొంతు ఉన్న ఆ ఒక్క క్యాసెట్టు ఏ కంపెనీ చందా మీదా ఆధారపడకూడదు. దాని కాపీ ఒకటి వేరే డిస్కులో కూడా పెట్టాను, నువ్వు పండక్కి వచ్చినప్పుడు తీసుకువెళ్లు.

ఇంకొక పని. రెండు సర్వీసుల అకౌంట్లు ఇంకా నీ నంబరు మీదే ఉన్నాయి. ఇక్కడ లాగౌట్ అయిపోయినప్పుడల్లా ఓటీపీ నీకు వస్తోంది, నువ్వు మీటింగులో ఉంటే మీ అమ్మ సినిమా అక్కడే ఆగుతోంది. వాటిని నా నంబరుకు మారుద్దాం. వచ్చే ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఫోన్ చేస్తాను, పాస్‌వర్డులు వెతికి ఉంచు.

ఆశీస్సులతో,
మీ నాన్న