మీ పెరట్లో తవ్వుతున్నది మన పందికొక్కేనా?

అమ్మలూ,

సిడ్నీలో మీ పెరడంతా గుంటలు పెడుతున్నది బ్యాండికూట్ అని పక్కింటావిడ చెప్పిందన్నావు కదా. ఆ పేరు వినగానే మీ నాన్న ఒకటే నవ్వు. ఆ మాట మన పందికొక్కేనే! యూల్, బర్నెల్ అనే దొరలు 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులోనే అది తెలుగు మాటని రాసుంది. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి ప కాస్తా బ అయింది. మన నరసాపురం పక్క మాధవాయపాలెం కూడా ఇలాగే మడపోలమై, ఓ రకం నూలుబట్టకి పేరైపోయింది.

పందికొక్కు సంగతి నీకు నేను చెప్పాలా? దాళ్వా, అదే రెండో పంట, కోతల ముందు గట్టు మీద నడుస్తుంటే కాలు దిగబడేది దాని కన్నంలోనేగా. కంకులు కొరికి లోపలికి లాక్కుపోతుంది. ఎలకల్ని పట్టే బుట్టలు పెట్టేవాళ్ళొచ్చి తవ్వితే దోసిళ్ళకొద్దీ ధాన్యం బయటపడేది. దారి లేకపోతే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. ఆ గుర్రు విని పంది అన్నారని మీ నాన్న వాదన, మూతి చూసి అన్నారని నాది. కొక్కు అంటే ఎలకే, అందులో గొడవ లేదు.

మీ దగ్గరున్నది మాత్రం ఎలక జాతే కాదు, కంగారూలా సంచి ఉన్న జంతువు. అక్కడికెళ్ళిన తెల్లవాళ్ళు ఇండియాలో విన్న పేరే దానికీ తగిలించేశారు. పిల్ల కడుపులో ఉండేది 12 రోజులే, ఆ తర్వాత పెరగడమంతా సంచిలోనే. మట్టి తవ్వే జంతువు కదా, లోపల మట్టి పడకుండా సంచి నోరు వెనకవైపుకి ఉంటుంది. అంతకంటే నాకు నచ్చింది ఇంకోటుంది. మొక్కని నిలబెట్టి ఉంచి కింద దుంప మాత్రం ఎత్తుకుపోవడాన్ని అక్కడ బ్యాండికూటింగ్ అంటారట. మన గోదారి లంకల్లో కంద దొంగలకి ఈ మాట చెప్తే మురిసిపోతారు.

అల్లుడుగారు ఎలకల మందు పెడదామంటున్నారన్నావు, వద్దని చెప్పు. అక్కడ దాన్ని చంపడం నేరం. అయినా అది తవ్వేది గడ్డి కింద పురుగుల కోసమేనే. పొద్దున్నే గుంటలు పూడ్చుకుంటే సరి. రాత్రిళ్ళు మీ కుక్కని మాత్రం ఇంట్లోనే ఉంచండి.

అమ్మ