కుళాయి నీటి పరీక్ష ఫలితాలు వార్డుల్లో పెట్టండి

సంపాదకుడు గారికి,

ఒంగోలు శివారు కాలనీల్లో ఉండేవాళ్లకు రెండు రకాల నీళ్లు అలవాటే. సాగర్ కుడి కాలువ నుంచి సమ్మర్ స్టోరేజి ట్యాంకులకు చేరి, శుద్ధి అయి వచ్చే మంచినీళ్లు ఒకటి. బోరు నీళ్లు రెండోది. మా వీధి కుళాయిలో ఏ రోజు ఏవి వస్తాయో చెప్పేవాళ్లు లేరు. వంటింట్లోకి వచ్చాకే తెలుస్తుంది. కాలువ నీళ్లయితే కందిపప్పు వెన్నలా ఉడుకుతుంది. బోరు నీళ్లయితే కుక్కరు ఎన్ని విజిల్స్ వేసినా పప్పు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు, నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మొన్న గీజరు బాగుచేయడానికి వచ్చినాయన కాయిల్ చుట్టూ గడ్డకట్టిన సున్నాన్ని స్క్రూడ్రైవరుతో కొట్టి రాలిస్తే పళ్లెం నిండింది.

నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్లే ఇదంతా. తాగునీటి జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. నీళ్లు కఠినంగా ఉన్నంత మాత్రాన విషం కావు. మన ప్రాంతంలో భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లే తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుము వంగిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వేరే నీళ్లు దొరక్కపోయినా సరే, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అది రుచికి తెలియదు, కంటికి కనపడదు, మరిగించినా పోదు.

ఏ నీళ్లో, అందులో ఏముందో చెప్పే దిక్కు లేకనే జనం మోసపోతున్నారు. ఫిల్టర్లు అమ్మడానికి ఇంటికొచ్చే కుర్రాళ్లు రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్లు బురద రంగుకు తిరుగుతాయి, లవణాలు తీసేసే ఆర్వో ఫిల్టరు నీళ్లు తేటగానే ఉంటాయి. ఆ బురద మన నీళ్లలోది కాదు, కడ్డీలోంచి కరిగిన ఇనుము. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఆర్వో నీళ్లలో సరిగా పారదు, అంతే సంగతి. అది చూసి హడలిపోయి, అప్పుచేసి యంత్రం కొన్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. కొనలేనివాళ్లు 20 లీటర్ల క్యాన్లు మోసుకుంటున్నారు. ఆ క్యాన్ నీళ్లు మంచివని నమ్మకమేమిటి? టీడీఎస్ మీటరు చూపించి సరే అంటారు. అది కరిగిన లవణాలు మొత్తం ఎన్నో సుమారుగా చెబుతుంది. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు, క్రిముల సంగతి అసలే చెప్పదు.

అధికారులను మేం అడిగేది పెద్ద కోరికేమీ కాదు. వార్డు సచివాలయం బోర్డు మీద వారానికోసారి ఆ వార్డు నీటి వివరం రాయండి: కాలువ నీళ్లా, బోరు నీళ్లా, కాఠిన్యం ఎంత, ఫ్లోరైడ్ ఎంత, క్లోరిన్ ఎంత మిగిలింది. నమూనా ట్యాంకు దగ్గర కాదు, పైపు చివరి ఇంటి కుళాయి దగ్గర పట్టాలి. క్రిములు చావడానికి ట్యాంకులో కలిపిన క్లోరిన్ చివరి ఇంటికి చేరేసరికి లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని ఆ ఐఎస్ 10500 ప్రమాణమే చెబుతోంది. బోరు నీళ్లు వదిలేటప్పుడు ముందు రోజే చెప్పండి, తాగడానికి పట్టుకోకుండా జాగ్రత్తపడతాం. క్యాన్లు అమ్మే వాటర్ ప్లాంట్ల నీళ్లకూ ఇలాగే పరీక్ష చేసి, ఫలితం ప్లాంటు గుమ్మం దగ్గరే అంటించాలి.

నమూనాలు పట్టేటప్పుడు పిలిస్తే మా కాలనీ ఆడవాళ్లం వచ్చి దగ్గరుండి చూసుకుంటాం.

ఒక గృహిణి,
ఒంగోలు