డిశ్చార్జి చీటీ చేతికొస్తే నయమైనట్టేనా?

సంపాదకులకు,

ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ‘విజయాల’ గురించి పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త అందరూ చదివే ఉంటారు. ఓపీకి ఎందరొచ్చారు, ఎందరిని చేర్చుకున్నారు, ఎందరిని ఇంటికి పంపారు, అన్నీ ఉన్నాయి. పంపినవాళ్లలో ఆరు నెలల తర్వాత మందు వేసుకుంటున్నది ఎందరు, పనికి పోతున్నది ఎందరు? ఆ లెక్క అధికారులూ చెప్పలేదు, మీ విలేకరీ అడగలేదు.

మన దగ్గర నయమవడమంటే గొడవ మానేయడం. నిన్నటిదాకా అరిచినవాడు ఇవాళ మూలన కూర్చుంటే బాగైపోయినట్టే. నోట్లోంచి చొంగ కారుతోందా, ఒళ్లు బిగుసుకుపోతోందా, మధ్యాహ్నం దాకా లేవడం లేదా అని చూసే నాథుడు లేడు. ఇవి చాలాసార్లు మందు దుష్ప్రభావాలు. డాక్టరు మోతాదు సరిచేయాలి, లేదా మందు మార్చాలి. ఆ మాట ఎవరూ చెప్పకపోతే ‘ఈ నిద్రమాత్రలు ఇంకెన్నాళ్లు’ అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. జబ్బు తిరగబెడితే తప్పు మళ్లీ వాళ్లదే!

స్కిజోఫ్రీనియా తగ్గిందనడానికి నిపుణులు 2005లోనే ఒక కొలత పెట్టారు. భ్రమలు, లేని మాటలు వినిపించడం, పొంతన లేని మాట, ముభావం లాంటి ఎనిమిది లక్షణాలు స్వల్పస్థాయికి దిగి, 6 నెలలు అలాగే నిలవాలి. మూడో వారంలో పంపేసిన మనిషిని ఏ లెక్కన నయమైనవాళ్లలో కలిపారు? పైగా అది జబ్బుకు కొలతే కానీ బతుక్కి కాదు. బతుకును కొలవడానికి ఐడియాస్ అనే మన దేశపు కొలమానమే ఉంది. సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట-గ్రహింపు, పని చేయగలగడం, ఈ నాలుగూ చూస్తుంది. వైకల్య సర్టిఫికెట్‌కు 40 శాతం ఉందా లేదా తేల్చేది దాంతోనే. పింఛనుకు అర్హుడో కాదో తేల్చడానికి పనికొచ్చిన కాగితం, చేరినప్పుడొకసారి, ఏడాదికొకసారి నింపి వైద్యాన్ని కొలవడానికి పనికిరాదా?

డిప్రెషన్ మందులదీ ఇదే గోల. మొదటి వారంలో కనిపించేది వికారం, కడుపులో తిప్పడం. మనసు తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఇది ముందే చెప్పకపోతే మాత్రలు ఐదో రోజునే చెత్తబుట్టలోకి పోతాయి. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలి, ఆపేటప్పుడు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇక లిథియం. కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కనిపించే బైపోలార్ జబ్బుకు ఇంత పాతదీ ఇంత గట్టిదీ అయిన మందు ఇంకోటి లేదు. కాకపోతే రక్తంలో మోతాదు లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య నిలవాలి. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి. మాత్ర మింగి లైన్లో నిలబడ్డవాడి రక్తం తీస్తే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఆరు నెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలూ చేయాలి. మన ఎండల్లో చెమటకు ఒంట్లో నీరూ ఉప్పూ పోతే, విరేచనాలు పట్టుకుంటే, ఒళ్లునొప్పులకని ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ పొడిస్తే లిథియం పేరుకుపోతుంది. చేతులు వణికి, మాట ముద్దగా వచ్చి, మనిషి తూలుతుంటే తాగాడనుకుంటారు. వెంటనే మాత్ర ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లాలని ఏ చీటీ మీదైనా రాస్తున్నారా?

ఇంటికి పంపేముందు రోగితో, కుటుంబంతో మాట్లాడి తర్వాతి వైద్యం ఎలాగో తేల్చాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ జరిగేది పదిహేను రోజుల మాత్రలు చేతిలో పెట్టి ‘మళ్లీ రండి’ అనడం. రానూపోనూ బస్సు ఛార్జీలు, ఇద్దరి కూలీ పోగొట్టుకుని వస్తే ‘స్టాకు లేదు, బయట కొనుక్కోండి’. గోడ మీద మాత్రం ఫోన్లో మానసిక సాయం అందించే టెలీ మానస్ 14416 పోస్టరు నిగనిగలాడుతూ ఉంటుంది.

మీకూ ఒక మాట. ‘మతిస్థిమితం లేని వ్యక్తి హల్‌చల్’ లాంటి శీర్షికలు ఇకనైనా మానండి. ఈసారి మీ విలేకరిని పెద్దసారు గదికి కాకుండా మందులిచ్చే కిటికీ దగ్గరికి పంపి, లిథియం ఉందా అని అడగమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నరసరావుపేట