కావలి శాఖ వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా సీపీఎస్ ఖాతాల పనే

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మన సర్కారు ఉద్యోగుల సంఘం ఈ ఏడాది ఏమేం చేసిందో కార్యదర్శిగా నేను రాయాలి కాబట్టి రాస్తున్నా. మన టైం దాదాపు అంతా సీపీఎస్ (2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినోళ్లకి పాత పెన్షన్ బదులు పెట్టిన, జీతంలోంచి కట్టే పెన్షన్) ఖాతాల మీదే పోయింది, అందుకే ఇందులోనూ అదే ఎక్కువుంటది.

ఎట్టా మొదలైందంటే, మన సభ్యుడొకాయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన భార్య ప్రాన్ (పెన్షన్ ఖాతా నంబరు) కాగితాలు తెచ్చిస్తే చూశాం, నామినీగా ఆయన అమ్మ పేరుంది, ఆమె చనిపోయి చాన్నాళ్లయింది. ఉద్యోగంలో చేరినప్పుడు, పెళ్లి కూడా కాకముందు రాసిన ఫారం అది, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఎన్‌పీఎస్‌లో (మన సీపీఎస్ ఖాతాలు నడిచే జాతీయ పెన్షన్ పథకం) పెళ్లికి ముందు పెట్టిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదు, కొత్తగా పెట్టాల్సిందే, ఈ ముక్క మనలో చాలామందికి తెలీదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఆయన భార్య ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని తిరిగింది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి లంచ్ టైంలో కావలి, బోగోలు, అల్లూరు, జలదంకి ఆఫీసులకి, స్కూళ్లకి పోయి కూర్చున్నాం. ఒక్కొక్కరి ఫోన్‌లో స్టేట్‌మెంట్ తీయించి జీతం స్లిప్పులతో నెలనెలా పోల్చాం. నా ఖాతాలోనే రెండు నెలల కటింగ్ కనిపించలేదు! బేసిక్ ప్లస్ డీఏ మీద పది శాతం మన దగ్గర పట్టుకుంటారు, అంతే సర్కారు కలపాలి. ఆ డబ్బు ఖాతాకి చేరిన రోజు రేటుకే యూనిట్లు కొంటారు, చేరనన్నాళ్లు మన డబ్బు మన కోసం పనిచేయదు. అందుకే జమ కాని నెలలు కనిపిస్తే ఊరుకోకుండా డీడీవోకి (మన జీతం బిల్లులు పెట్టే అధికారి) రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి, నోటితో చెబితే ఎవరికీ గుర్తుండదు.

ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క చూడండి. రిటైరయ్యేనాటికి ముప్పై లక్షలు పోగైందనుకుందాం, 60 శాతం అంటే పద్దెనిమిది లక్షలు చేతికొస్తాయి, మిగిలిన పన్నెండు లక్షలతో యాన్యుటీ (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీ) కొనాలి. ఆరు శాతం వస్తే నెలకి ఆరు వేలు, దాని మీద డీఏ కూడా పెరగదు. అదే పాత పెన్షన్‌లో ఎనభై వేల బేసిక్ మీద రిటైరైనాయనకి నలభై వేలు, పైన డీఏ. 2004 సెప్టెంబర్ 1కి అటు చేరినోళ్లకీ ఇటు చేరినోళ్లకీ చేసే పనిలో తేడా లేదు కదా, ముసలితనంలో ఇంత తేడా ఎందుకు?

2023లో మన రాష్ట్రంలో జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) చట్టమొచ్చింది, కేంద్రంలో 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షన్) వచ్చింది, మనం అడిగేది మాత్రం పాత పెన్షనే. 2003 డీఎస్సీ టీచర్ల సంగతి ఇంకా బాధ. నోటిఫికేషన్ ముందే వచ్చినా పోస్టింగులు ఆలస్యమై సీపీఎస్‌లో పడ్డారు. 2003 డిసెంబర్ 22కి ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరినోళ్లకి పాత పెన్షన్ ఎంచుకునే వీలు కేంద్రం తన ఉద్యోగులకి 2023 మార్చి 3 మెమోలో ఇచ్చింది. దాన్నే చూపించి వినతిపత్రాలిచ్చాం, డిసెంబర్ 17 పెన్షనర్ల దినం నాడు కూడా ఇదే మాట్లాడాం. 1982లో అదే రోజున సుప్రీంకోర్టు పెన్షన్ దయతో ఇచ్చేది కాదు, హక్కని చెప్పింది.

మిగతావి క్లుప్తంగా. సంక్షేమ నిధి నుంచి పోయినాయన కుటుంబానికి సాయం అందించాం, జమాఖర్చులు జనరల్ బాడీలో చదువుతాం. ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర సర్కారు జీవిత బీమా) బాండ్లు రానోళ్ల అర్జీలు పంపాం, ఈహెచ్‌ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డుల్లో పేర్ల తప్పులు కొన్ని సరిచేయించాం, ఇంకా మిగిలున్నాయి.

జనరల్ బాడీకి వచ్చేటప్పుడు ప్రాన్ నంబరు, పోయిన ఏడాది జీతం స్లిప్పులు, ఇంట్లోవాళ్ల ఆధార్ కాపీలు తెచ్చుకోండి. నామినీ ఫారాలు మా దగ్గర ఉంటాయి, అక్కడే నింపి సంతకాలు పెట్టి పోదాం.