వేట రైఫిల్ ఎంపికలో ఎండ సంగతి

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు ఆఫ్రికా వేట రైఫిళ్లపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. తూటా ఎంత పెద్దదైతే రైఫిల్ అంత మేలన్న అభిప్రాయం అందులో కనిపించింది గానీ, అసలు చిక్కు ఎండతోనే వచ్చేది. నల్లగొండ వేసవిని ఎరిగిన వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఆనాటి తూటాల్లోని కార్డైట్ మందు బాగా వేడెక్కితే పేలుడు ఒత్తిడి పెరిగి, కాల్చిన తూటా ఖాళీ తొడుగు ఛాంబర్‌లో, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోట, ఇరుక్కుపోయే ప్రమాదముండేది. ఎదుట అడవిదున్న నిలబడి ఉండగా అలా జరిగితే ప్రాణాల మీదికి వచ్చినట్టే. అందుకే 1911లో వచ్చిన .416 రిగ్బీ తూటాకు (ఈ అంకె తూటా మందాన్ని సుమారుగా అంగుళాల్లో చెబుతుంది) పెద్ద తొడుగు పెట్టి, ఒత్తిడి తక్కువగా ఉండేలా చూశారు.

పొదల్లో దగ్గరి నుంచి కాల్చడానికైతే రెండు గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు గల డబుల్ రైఫిలే నమ్మదగినదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక వైపు మొరాయించినా రెండో వైపు వెంటనే పేలుతుంది. ఇలాంటి రైఫిళ్లలో వాడే .470 తూటా పుట్టుకలో మన దేశానికీ పాత్ర ఉంది: తిరుగుబాటుదార్లకు మందుగుండు చిక్కుతుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ .450 రైఫిళ్లను నిషేధించడంతో, తయారీదార్లు కొత్త కొలతలు వెతుక్కున్నారు.

ఒక్క రైఫిలే ఎంచుకోవలసి వస్తే, జింక నుంచి ఏనుగు దాకా పనికొచ్చే 1912 నాటి .375 హాలండ్ అండ్ హాలండ్ సరైనది. ఆఫ్రికాలో పేరుమోసిన ఏనుగుల వేటగాడు బెల్ సన్నని .275 తూటాతో ఏనుగులను కూల్చిన మాట నిజమే. అయితే ఆయన ఏనుగు పుర్రెను కోసి చూసి గురి నేర్చుకున్నవాడు. ఈ వివరాలను వ్యాసం తదుపరి భాగంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా