మిలిటరీని పంపేదానికంటే ముందు చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో ఒకాయన ఉత్తరం చదివాను, ఆఫ్రికాలో ఉన్న సూడాన్లో వాళ్లూ వాళ్లూ కొట్టుకు చస్తుంటే మన గవర్నమెంటుకేం పని, ముందు మన రోడ్లు బాగు చేసుకోండి అని. రోడ్ల సంగతి కరెక్టే, మా గిద్దలూరు వైపు వస్తే ఆయనకి ఇంకో నాలుగు పాయింట్లు దొరుకుతాయి. మిగతాదే నేను ఒప్పుకోను.

మా వైపు ఊళ్లల్లో మిలిటరీకి పోయినోళ్లు ఎక్కువ. మా ఆయన హవల్దారుగా రిటైర్ అయ్యాడు, మా చిన్నోడు సర్వీసులో ఉన్నాడు. అందుకని యాడో ఊచకోత జరగతావుంటే వెంటనే సైన్యాన్ని దింపాలి అని టీవీలో అరిచేవాళ్లని చూస్తే నాకు ముందు ఒళ్లు మండుద్ది, పోయేది వాళ్ల పిల్లలు కాదు కదా. అయినా సరే, పంపక తప్పని రోజు వస్తే పంపాల్సిందే అంటాను.

1971 చూడండి. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనాన్ని చంపటం మొదలుపెడితే డిసెంబరుకల్లా కోటి మంది దాకా మన దేశంలోకి వచ్చిపడ్డారు. మనం సైన్యాన్ని దించాక డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సభలో 104 దేశాలు యుద్ధం ఆపి వెనక్కి పొండి అని ఓటేశాయి, కాదన్నవి 11. అప్పుడు ఆ 104 మాట వినుంటే ఆ కోటి మంది ఏమయ్యేవాళ్లో ఆ ఉత్తరం రాసినాయన చెప్పాలి. మనం ఉట్టి జాలితోనే పోయామని నేను అనను, పాకిస్తాన్ని రెండు ముక్కలు చేసే ఛాన్స్ కూడా ఢిల్లీ వాళ్లకి కనపడే ఉంటది. కానీ 16వ తేదీకి పని అయిపోయింది, తర్వాతి మార్చికల్లా మన సైన్యం తిరిగొచ్చేసింది, ఆడనే కూర్చోలేదు.

అదే 1987లో శ్రీలంకకి శాంతి కోసం అని పంపారు. జూలైలో పోయారు, అక్టోబరుకల్లా ఎవరిని కాపాడదామని పోయారో ఆ తమిళుల్లోని ఎల్టీటీఈ పులులతోనే యుద్ధం. 1990 మార్చిలో తిరిగొచ్చే సరికి మనవాళ్లు 1,100 మందికి పైగా చనిపోయారు. మా ఆయన సీనియర్లలో ఆడికి పోయొచ్చినోళ్లు ఉన్నారు, ఆ మాట ఎత్తితే టీ గ్లాసు పక్కన పెట్టి లేచిపోతారంట. ఎందుకు పోతున్నాం, ఎవరి మీద కాల్చాలి, ఎప్పుడు తిరిగొస్తాం, ఈ మూడూ తెలియకుండా జవాన్ని పంపకూడదు అంటాడు మా ఆయన, నాదీ అదే మాట.

ఇంక ఆఫ్రికాలోనే ఉన్న రువాండా అయితే ఇంకో రకం. ఆడ 1994లో ఐక్యరాజ్యసమితి సైనికులు ముందునుంచే ఉన్నారు, దాదాపు 2,500 మంది. వాళ్ల కమాండర్ కెనడా ఆయన, జనరల్ డలేర్, హుటూ తెగ ముఠాలోళ్లు ఆయుధాలు దాస్తన్నారు, టుట్సీ తెగవాళ్లని చంపేదానికి ప్లాన్ వేస్తన్నారు, పోయి పట్టుకుంటాను అని జనవరిలోనే న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి ఆఫీసుకి కబురు పంపితే వద్దన్నారు. ఏప్రిల్లో చంపటం మొదలయ్యాక, పది మంది బెల్జియం సైనికులు చనిపోయాక, ఇంకా ఎక్కువమందిని పంపేది పోయి ఉన్నోళ్లని 270కి తగ్గించమని ఏప్రిల్ 21న తీర్మానం చేశారు. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు, ఎక్కువమందిని కత్తులతోనే నరికారు. అమెరికా వాళ్లయితే ఇది జెనోసైడ్, అంటే ఒక జాతినే తుడిచిపెట్టటం, అని ఒప్పుకుంటే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తదని వారాలకొద్దీ మాటలు తిప్పుతా కూర్చున్నారు.

అంటే మిలిటరీని పంపాలా వద్దా అనే ప్రశ్న వచ్చేసరికే ఆలస్యం అయిపోయి ఉంటది. దానికి ముందే గవర్నమెంట్లు చెయ్యగలిగినవి ఉన్నాయి, వాటికి ఒక్క జవాను కూడా చావనక్కర్లేదు. సూడాన్ సంగతే తీసుకోండి. ఆడి సైన్యంతో కొట్లాడుతున్న ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ దళం వాళ్లు ఎల్ ఫాషర్ అనే ఊరిని ఏడాదిన్నర చుట్టుముట్టి, లోపల జనానికి తిండి అందకుండా చేసి, 2025 అక్టోబరులో పట్టుకున్నాక ఆస్పత్రిలో ఉన్నోళ్లని కూడా చంపారు. ఆ ఆర్ఎస్ఎఫ్ వాళ్లకి ఆయుధాలు అరబ్ ఎమిరేట్స్ మీదుగా పోతన్నాయనే ఆరోపణలు నమ్మదగ్గవే అని ఐక్యరాజ్యసమితి నిపుణులే 2024లో రిపోర్టు ఇచ్చారు, ఎమిరేట్స్ మాత్రం కాదంటున్నది. సూడాన్ బంగారం ఎక్కువ భాగం చేరేది కూడా దుబాయికే. మనకి ఎమిరేట్స్ తో 2022 నుంచి వాణిజ్య ఒప్పందం ఉంది, మనం బంగారం కొనే దేశాల్లో అదీ ఒకటి. బంగారం యాడ తవ్విందో కాయితం చూపించు, లేకపోతే కొనం అని గట్టిగా అడిగేదానికి సైన్యం కావాల్నా? అడిగితే గల్ఫులో మనోళ్ల ఉద్యోగాలకి ఇబ్బంది అంటారు, నిజమే కావచ్చు, కానీ అసలు అడిగారా అనేది నా డౌటు.

ఇంకోటి, ఇది నాకు బాగా కోపం తెప్పించేది. జెనోసైడ్ ని ఆపుతాం, చేసినోళ్లని శిక్షిస్తాం అని 1948 ఒప్పందాన్ని మనం 1959లోనే ఒప్పుకున్నాం. దానికి తగ్గ చట్టం మాత్రం ఇంతవరకు చెయ్యలేదు. 1984 సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, మన చట్టాల్లో ఈ నేరమే లేదు, వెంటనే చూడండి అని చెప్పింది. తర్వాత ఐపీసీ తీసేసి 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహిత తెచ్చారు, దాంట్లోనూ పెట్టలేదు. శరణార్థుల చట్టం కూడా లేదు, 1971లో కోటి మందికి అన్నం పెట్టిన దేశంలో ఇప్పుడు మయన్మార్ నుంచి రోహింగ్యాలు ఒక కొన్ని వేలమంది వస్తే ఏం చెయ్యాలో ఒక పద్ధతి లేదు. ఎవరిని ఉంచుకోవాలి ఎవరిని పంపాలి అనేది వాదించుకోవచ్చు, కానీ రాసిపెట్టిన రూలు ఉండాలి కదా.

మన వైపు ఎంపీలు పార్లమెంటులో రైల్వే గేట్లు, పొగాకు రేట్లతో పాటు ఈ చట్టం గురించి కూడా ఒక ప్రశ్న వెయ్యమని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. మీకూ ఒక మాట సార్, ఎల్ ఫాషర్ వార్త మీరు లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు, ఇంకొంచెం చోటు ఇయ్యండి.

ఇట్లు
ఒక జవాను తల్లి,
గిద్దలూరు, మార్కాపురం జిల్లా