తూకానికి పోతున్న పాత బంకు బోర్డులు

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో పాత పెట్రోలు బంకుల ఎనామిల్ రేకు బోర్డులు పాత ఇనుము కింద తూకానికి పోతున్నాయి. గత వారం మా వీధి చివరి పాత సామాను కొట్టులో బర్మా షెల్ అనే పాత చమురు కంపెనీ బోర్డు ఒకటి చూశాను. పసుపు గవ్వ బొమ్మ ఇంకా మెరుస్తూనే ఉంది. మేకుల రంధ్రాల చుట్టూ మాత్రమే తుప్పు పట్టింది. ఎస్సో అనే మరో చమురు కంపెనీ 1974లో, బర్మా షెల్ 1976లో ప్రభుత్వపరమయ్యాక ఆ పేర్లు బంకుల మీద నుంచి తొలగిపోయాయి. ఎస్సో పులి బొమ్మ కనబడితే సైకిలు ఆపమని నాన్న దగ్గర మారాం చేసిన తరం మాది. పురపాలక సంఘాలు తూకం ధర చెల్లించైనా వీటిని సేకరించాలి. గ్రంథాలయంలో ఒక గోడ కేటాయించి, ఏ బోర్డు ఏ ఊరి బంకుదో తెలుగు, ఒడియా భాషల్లో రాయించాలి. తుప్పు తుడిస్తే చాలు, కొత్త రంగు మాత్రం వేయవద్దు.

- విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం, ఒడిశా